సెప్టెంబర్‌లోనే ఆస్కార్ గోల ఎందుకు? అర్హత, ఎంట్రీ, షార్ట్‌లిస్ట్, నామినేషన్: దేని లెక్క దానిదే

ఆగస్టు ఆఖరుకొచ్చేసరికి సినిమా వార్తల్లో ఒక హడావుడి మొదలవుతుంది. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఫలానా సినిమా చూసి జనం పది నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారట, ఫలానా నటికి ఈసారి ఆస్కార్ ఖాయమట. ఆ సినిమా ఇంకా ఏ థియేటర్‌కీ రాలేదు, మనలో ఎవరమూ చూడలేదు, అయినా అప్పుడే అది ఫేవరెట్. సెప్టెంబర్‌లో మన దేశం తరఫున వెళ్లే సినిమా పేరు ప్రకటిస్తారు, దాని మీద ఓ వారం కొట్లాట. డిసెంబర్‌లో షార్ట్‌లిస్ట్ అంటారు. జనవరిలో మూడొందల పైచిలుకు పేర్లున్న జాబితా ఒకటి బయటికొస్తుంది, అందులో మన సినిమా కనబడగానే ‘ఆస్కార్ బరిలో’ అని పోస్టర్ దిగిపోతుంది. ఆ హీరో అభిమానులకు పండగ, అవతలి హీరో అభిమానులకు మీమ్స్ సరుకు.

ఇవన్నీ ఒకటి కాదు. అర్హత వేరు, దేశం తరఫు ఎంట్రీ వేరు, షార్ట్‌లిస్ట్ వేరు, నామినేషన్ వేరు. నాలుగింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం. మిగతా సగం క్యాలెండర్‌ది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఓటర్ల జ్ఞాపకశక్తి మీద నడిచే క్యాలెండర్

ఆస్కార్‌కి ఓటేసేది విమర్శకులూ కాదు, ప్రేక్షకులూ కాదు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ సభ్యులు, అంటే నటులు, దర్శకులు, ఎడిటర్లు, సౌండ్ వాళ్లు, మేకప్ వాళ్లు, ఇలా సినిమా పని చేసేవాళ్లే, సుమారు పదివేల మంది. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు అమెరికాలో విడుదలైన సినిమాలు ఆ ఏటి లెక్కలోకి వస్తాయి. నామినేషన్ల ఓటింగ్ ఆ తర్వాతి జనవరిలో, వేడుక ఈమధ్య ఎక్కువగా మార్చిలో. ఇప్పుడు మీరే నిర్మాత అనుకోండి. మీ సినిమా ఫిబ్రవరిలో వచ్చింది. ఓటరు బ్యాలెట్ తెరిచేసరికి దాదాపు ఏడాది గడిచిపోయింది, ఈలోపు ఆయన ఎన్ని సినిమాలు చూశాడో, ఎన్ని షూటింగులకు పోయొచ్చాడో. అదే నవంబర్‌లో వచ్చిందనుకోండి, సినిమా ఇంకా కళ్లముందే ఉంటుంది, ఇంటర్వ్యూలు ఇంకా నడుస్తూనే ఉంటాయి.

మన దగ్గర సంక్రాంతి డేట్ కోసం నిర్మాతలు కొట్టుకున్నట్టే అక్కడ అక్టోబర్, నవంబర్, డిసెంబర్ డేట్ల కోసం పోటీ. మనవాళ్లు కొట్టుకునేది కలెక్షన్ల కోసం, వీళ్లు ఓట్ల కోసం, అంతే తేడా.

దీన్ని ఒక పద్ధతిగా మార్చింది ‘ది డీర్ హంటర్’ అని చాలామంది చెబుతారు. మూడు గంటల వియత్నాం యుద్ధ సినిమా, చూసినవాళ్ల గుండె బరువెక్కే రకం, జనం ఎగబడి వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. 1978 డిసెంబర్‌లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో కొన్నాళ్లు ఆడించి, అర్హత వచ్చాక తీసేశారు. 1979 ఫిబ్రవరిలో, నామినేషన్ల పేరు చెప్పుకుని దేశమంతా వదిలారు. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్లు వచ్చాయి. అప్పటినుంచి ఇదో దారి అయిపోయింది: డిసెంబర్‌లో రెండు ఊళ్లలో నామమాత్రపు విడుదల, అసలు విడుదల తర్వాత.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి దీనివల్ల వచ్చే చిరాకు ఒకటుంది. అక్కడ ఏడాది చివర్లో కుప్పగా వచ్చిపడే ఈ సినిమాల్లో చాలావరకు ఇక్కడికి జనవరి, ఫిబ్రవరిల్లో గానీ రావు. జనవరిలో స్క్రీన్లన్నీ సంక్రాంతి సినిమాలవి. మిగిలిన ఒకటీ అరా షోలు రాత్రి పదిన్నరకో పొద్దున్న తొమ్మిదికో పడతాయి.

వెనిస్, టెల్యురైడ్, టొరంటో: మూడు వారాల్లో గాలి ఎటు వీస్తుందో తేలేది

ఆగస్టు చివర్లో వెనిస్ ఫెస్టివల్ లిడో అనే దీవిలో మొదలవుతుంది. సెప్టెంబర్ మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు, ఆ వారాంతంలో కొలరాడో కొండల్లోని టెల్యురైడ్ అనే చిన్న ఊళ్లో ఇంకో ఫెస్టివల్. అది ముగిసీ ముగియగానే టొరంటో.

మూడింటి స్వభావం వేరు. వెనిస్‌లో జ్యూరీ ఉంటుంది, గోల్డెన్ లయన్ అనే పెద్ద బహుమతి ఇస్తుంది, రెడ్ కార్పెట్ ఫొటోలు ప్రపంచమంతా తిరుగుతాయి. టెల్యురైడ్‌లో పోటీయే లేదు, ఏ సినిమాలు వేస్తారో ముందురోజు దాకా చెప్పరు కూడా, అయినా అక్కడికి వచ్చేవాళ్లలో అకాడమీ సభ్యులు చాలామంది ఉంటారు కాబట్టి స్టూడియోలకు ఆ ఊరంటే ప్రాణం. టొరంటోలో పెద్ద బహుమతి ప్రేక్షకులే ఓటేసి ఇస్తారు, పీపుల్స్ చాయిస్ అవార్డు. జోస్యం చెప్పేవాళ్లు దీన్ని పట్టుకుని వేలాడటానికి కారణం ఉంది: 2012 నుంచి 2023 దాకా ఆ అవార్డు గెలిచిన ప్రతి సినిమాకీ ఆస్కార్ ఉత్తమ చిత్రం నామినేషన్ వచ్చింది. వాటిలో ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’, ‘గ్రీన్ బుక్’, ‘నోమాడ్‌ల్యాండ్’ మూడూ ఆస్కార్ కూడా కొట్టాయి.

2024లో ఆ గొలుసు తెగింది. ‘ది లైఫ్ ఆఫ్ చక్’ టొరంటోలో గెలిచేనాటికి దానికి అమెరికాలో పంపిణీదారు లేడు. థియేటర్లలోకి వచ్చేసరికి మరుసటి ఏడు జూన్ అయింది, అప్పటికి ఆ ఊపు చల్లారిపోయింది. నామినేషన్ రాలేదు. అంటే అవార్డు ఒక్కటే సరిపోదు, ఆ వేడి తగ్గకముందే సినిమాని ఓటరు ముందు పెట్టే నాథుడు కావాలి.

వెనిస్‌లో చప్పట్ల నిమిషాలు లెక్కపెట్టే వార్తల్ని మాత్రం నేను పట్టించుకోను. దర్శకుడూ హీరోయినూ అదే హాల్లో కూర్చుని ఉంటే, కెమెరా వాళ్ల మొహాల మీదే ఉంటే, ముందుగా కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది?

‘అర్హత జాబితాలో పేరుంది’ అంటే ఎంత గొప్ప?

నిజం చెప్పాలంటే పెద్ద గొప్పేం కాదు. సాధారణ విభాగాలకు (నటన, దర్శకత్వం, పాట లాంటివి) అర్హత రావాలంటే 40 నిమిషాల కంటే ఎక్కువ నిడివి ఉండాలి, ఓటీటీలో కంటే ముందు థియేటర్‌లో పడాలి, అమెరికాలోని ఆరు మహానగర ప్రాంతాల్లో ఏదో ఒకదానిలో వరుసగా ఏడు రోజులు ఆడాలి. రోజుకి కనీసం మూడు షోలు, అందులో ఒకటి సాయంత్రం ఆరుకీ రాత్రి పదికీ మధ్య మొదలవ్వాలి. నిర్మాత ఫారాలు నింపి గడువులోగా పంపాలి. ఆ ఆరు ఏవంటే లాస్ ఏంజెలెస్ కౌంటీ, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, చికాగో, డల్లాస్-ఫోర్ట్‌వర్త్, అట్లాంటా.

ఈ పేర్లు చదువుతుంటే ఏమైనా తట్టిందా? మన ఓవర్సీస్ మార్కెట్ మ్యాప్ ఇదే కదా. డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మనవాళ్లతో వారంపాటు ఆడిన ఏ పెద్ద తెలుగు సినిమా అయినా ఈ షరతు దాటేసినట్టే, నిర్మాత కాగితాలు పంపడమే తరువాయి.

2023 జనవరిలో అకాడమీ ఇలాంటి 301 సినిమాల జాబితా ఇచ్చింది. అందులో ‘ఆర్‌ఆర్‌ఆర్’తో పాటు ‘కాంతార’, ‘గంగూబాయి కాఠియావాడి’, ‘ది కశ్మీర్ ఫైల్స్’ ఉన్నాయి. దాన్ని ‘షార్ట్‌లిస్ట్’ అని రాసినవాళ్లూ ఉన్నారు, అది తప్పు. 2025 జనవరిలో 323 సినిమాలు, వాటిలో ‘కంగువ’ ఒకటి, థియేటర్లలో దాని గతేమిటో తెలిసినవాళ్లంతా నవ్వుకున్నారు. నవ్వాల్సిన పనీ లేదు, పొంగిపోవాల్సిన పనీ లేదు, ఆ జాబితాకి నాణ్యతతో సంబంధమే లేదు.

ఉత్తమ చిత్రం విభాగానికి మాత్రం గీత కాస్త పైన ఉంటుంది. తెర మీదా తెర వెనకా వివిధ వర్గాలకు చోటిచ్చారా అని చూసే ప్రమాణాలు నాలుగున్నాయి, కనీసం రెండైనా అందుకోవాలి. 2024 సినిమాల నుంచి మొదటి వారం తర్వాత మరో ఏడు రోజులు, అమెరికాలోని పెద్ద 50 మార్కెట్లలో పదింటిలో ఆడించాలన్న షరతు కూడా చేరింది. అందుకే ఆ 323లో ఉత్తమ చిత్రానికి పోటీపడే అర్హత 207కే వచ్చింది. వారం రోజులు ఒక్క థియేటర్‌లో వేసి చేతులు దులుపుకుని ఓటీటీలో పెట్టేసే పద్ధతికి వేసిన ముకుతాడు అని నా లెక్క.

దేశం తరఫు ఎంట్రీ: ఇది వేరే గుమ్మం

ఉత్తమ అంతర్జాతీయ చిత్రం విభాగానికి దారి పూర్తిగా వేరు. ఇక్కడ అమెరికా విడుదల అక్కర్లేదు, సొంత దేశంలో విడుదలైతే చాలు. డెడ్‌లైన్ డిసెంబర్ 31 కాదు, ఈమధ్య సెప్టెంబర్ 30గా ఉంటోంది. ఒక దేశం నుంచి ఒకే సినిమా. మన దగ్గర ఆ ఒక్కటీ ఎంచేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వేసే జ్యూరీ. అన్ని దేశాల ఎంట్రీల నుంచి డిసెంబర్‌లో 15 సినిమాల షార్ట్‌లిస్ట్ వస్తుంది, జనవరిలో అందులో ఐదింటికి నామినేషన్.

మన రికార్డు చూస్తే కాస్త ఉసూరుమనిపిస్తుంది. ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’, ఈ మూడే నామినేషన్ దాకా వెళ్లాయి. ఇక దేశం తరఫున వెళ్లిన తెలుగు సినిమా అంటే 1986 నాటి ‘స్వాతిముత్యం’.

2024లో జరిగిన గొడవ ఈ గుమ్మం ఎలా పనిచేస్తుందో బాగా చూపిస్తుంది. పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ మే నెలలో కాన్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి బహుమతి గెలిచింది. రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా దాన్ని సెప్టెంబర్ 21న కేరళలో కొద్ది థియేటర్లలో విడుదల చేసింది, గడువు దగ్గరపడుతోంది మరి. తీరా జ్యూరీ ‘లాపతా లేడీస్’ని ఎంచింది. భారతదేశంలో జరిగే యూరప్ సినిమా చూస్తున్నట్టుందని జ్యూరీ అభిప్రాయపడినట్టు ఫెడరేషన్ అధ్యక్షుడు చెప్పడంతో నిప్పు రాజుకుంది.

రెండు వైపులా వాదన ఉంది. ఓటేసేది అకాడమీ వాళ్లు, వాళ్లు అప్పటికే చూసి మెచ్చుకుంటున్న సినిమాని, అమెరికాలో పంపిణీదారు సిద్ధంగా ఉన్న సినిమాని పంపకపోతే ఇంకేం లాభం అనేది ఒక వైపు. బయటివాళ్లు దేన్ని మెచ్చుతారో ఊహించి పంపడం జ్యూరీ పని కాదు, ఆ ఏడు మన సినిమాకి ప్రతినిధి ఏదో చెప్పడమే దాని పని అనేది రెండో వైపు. రెండోది మాటగా బాగుంటుంది గానీ, ఆ జాబితా పోటీకి పంపేదయినప్పుడు నాకు మొదటిదే సబబనిపిస్తుంది. అయినా ‘లాపతా లేడీస్’ బదులు అది వెళ్తే గెలిచేదని ఎవరూ చెప్పలేరు. ఫ్రాన్స్ సంగతే చూడండి. అదే ఏడు ఫ్రాన్స్ పంపిన ‘ఎమీలియా పెరెజ్’కి ఏకంగా 13 నామినేషన్లు వచ్చాయి, ఆ తర్వాత ప్రధాన నటి పాత ట్వీట్లు బయటపడి ప్రచారమంతా తలకిందులైంది, అంతర్జాతీయ చిత్రం ఆస్కార్‌ని బ్రెజిల్ సినిమా ఎగరేసుకుపోయింది.

2022: ‘ఆర్‌ఆర్‌ఆర్’ నెలనెలా నడిచిన దారి

పైన చెప్పినవన్నీ ఒకే సినిమాలో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. సినిమా మార్చి 25న విడుదలైంది. అవార్డుల లెక్కలో ఇది చెడ్డ డేట్. అమెరికాలో మన థియేటర్లలో వారాలు ఆడింది కాబట్టి అర్హత అప్పుడే వచ్చేసింది, కానీ ఆ సంగతి ఓటర్లకు పట్టలేదు. మే నెలలో హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక తెలుగు తెలియనివాళ్లు చూడటం మొదలైంది. జూన్ 1న వేరియన్స్ ఫిల్మ్స్ అనే పంపిణీ సంస్థ అమెరికాలో మళ్లీ థియేటర్లలో వేసింది.

సెప్టెంబర్‌లో మన జ్యూరీ గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని ఎంచింది. ఇక్కడ చాలామంది ‘అయిపోయింది’ అనుకున్నారు. మూసుకుంది ఒక గుమ్మం మాత్రమే, సాధారణ విభాగాల గుమ్మం తెరిచే ఉంది. అదే నెల 30న హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో వేసిన షోకి టికెట్లు 98 సెకన్లలో అయిపోయాయి. అక్టోబర్‌లో వేరియన్స్ వాళ్లు సాధారణ విభాగాలన్నిటికీ పోటీలో ఉన్నామని ప్రకటించారు. మార్చి సినిమాని అక్టోబర్ సినిమాగా మార్చడం అంటే ఇదే.

డిసెంబర్‌లో న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ అనే విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకుడన్నది. అదే నెల ‘నాటు నాటు’ పాటల షార్ట్‌లిస్ట్ 15లోకి, ‘ఛెల్లో షో’ అంతర్జాతీయ షార్ట్‌లిస్ట్ 15లోకి వచ్చాయి. జనవరి 10న పాటకి గోల్డెన్ గ్లోబ్, 24న ఆస్కార్ నామినేషన్, మార్చి 12న కీరవాణి, చంద్రబోస్ చేతుల్లో ఆస్కార్. సినిమాకి వచ్చిన నామినేషన్ ఆ ఒక్కటే, ‘ఛెల్లో షో’ షార్ట్‌లిస్ట్ దగ్గరే ఆగింది.

పాటకి వచ్చి మిగతావాటికి ఎందుకు రాలేదంటే, నామినేషన్లు శాఖలవారీగా వేస్తారు. నటుల్ని నటులే, పాటల్ని సంగీత శాఖ వాళ్లే ఎంచుతారు. సంగీత శాఖ చిన్నది, ఒక పాటని పట్టుకోవడానికి నిమిషాలు చాలు. నటుల శాఖ అన్నిటికన్నా పెద్దది, అక్కడివాళ్లంతా మూడు గంటల తెలుగు సినిమా కూర్చుని చూస్తే తప్ప పని జరగదు. ఇది నా అంచనా, అకాడమీ ఓట్ల లెక్క బయటపెట్టదు. నామినేషన్ అయ్యాక మాత్రం అన్ని శాఖలవాళ్లూ అన్ని విభాగాలకూ ఓటేస్తారు.

డబ్బు పెడితే వస్తుందా?

ఈ ప్రశ్న మన దగ్గర 2023లో బాగా నలిగింది. ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఆస్కార్ ప్రచారానికి 80 కోట్లు పెట్టారని, ఆ డబ్బుతో ఎనిమిది సినిమాలు తీయొచ్చని ఓ సీనియర్ దర్శక నిర్మాత అన్నారు. దానికి పదో వంతే, దాదాపు ఎనిమిదిన్నర కోట్లు అయిందని, మొదట ఐదే అనుకున్నామని తర్వాత రాజమౌళి కొడుకు కార్తికేయ ఇంటర్వ్యూలో చెప్పారు. హాలీవుడ్ పెద్ద స్టూడియోల ప్రచారంతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే.

డబ్బు కొనేది ఓటుని కాదు, ఓటరు సాయంత్రాన్ని. సభ్యులకు ప్రత్యేక షోలు, షో తర్వాత దర్శకుడితో ముఖాముఖి, పత్రికల్లో పేజీల ప్రకటనలు, ఇవన్నీ ‘మా సినిమా ఒక్కసారి చూడండి’ అనడానికే. 1998 సినిమాల పోటీలో జూలై సినిమా ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ గెలుస్తుందనుకుంటే డిసెంబర్ సినిమా ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ గెలిచింది. దాని వెనక నిర్మాణ సంస్థ మిరామాక్స్ చేసిన ఎడతెగని ప్రచారం ఉందని ఇప్పటికీ అంటారు. అది కామెడీ, చూసినవాళ్లందరికీ హాయిగా అనిపించింది, అందుకే గెలిచిందనేవాళ్లూ ఉన్నారు. ఇంకోవైపు ‘టు లెస్లీ’ అనే చిన్న సినిమా ఉంది, 2022 అక్టోబర్‌లో వచ్చి ఎవరూ చూడకుండానే వెళ్లిపోయింది. జనవరిలో తోటి నటులు వరసపెట్టి పోస్టులు పెట్టేసరికి ఆండ్రియా రైజ్‌బరోకి ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. అదెలా జరిగిందని అకాడమీ విచారించి, నామినేషన్ ఉంచేసింది.

మొదటి ఓట్లు ఎక్కువ వచ్చిన సినిమా ఎలా ఓడుతుంది

ఉత్తమ చిత్రానికి పది నామినేషన్లు ఉంటాయి, తుది ఓటింగ్‌లో సభ్యులు వాటికి ర్యాంకులు ఇస్తారు. మిగతా విభాగాల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే, ఇక్కడ మాత్రం సగం దాటాలి. వంద మంది ఓటర్లు, నాలుగు సినిమాలు అనుకుందాం. ‘అ’కి 40 మొదటి ర్యాంకులు, ‘ఆ’కి 32, ‘ఇ’కి 18, ‘ఈ’కి 10. సగం ఎవరికీ దాటలేదు కాబట్టి ఆఖరున ఉన్న ‘ఈ’ని తీసేసి, ఆ పదిమంది రెండో ర్యాంకు ఎవరికిచ్చారో చూస్తారు. ఎనిమిది ‘ఆ’కి, రెండు ‘ఇ’కి. ఇప్పుడు లెక్క 40, 40, 20. తర్వాత ‘ఇ’ పోతుంది, ఆ ఇరవైలో 13 ‘ఆ’కి, 7 ‘అ’కి. చివరికి ‘ఆ’ 53, ‘అ’ 47.

మొదట ఎనిమిది ఓట్ల ఆధిక్యంలో ఉన్న ‘అ’ ఓడింది. దాన్ని నచ్చినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, నచ్చనివాళ్లు అట్టడుగున పడేశారు. సెప్టెంబర్‌లో ఫేవరెట్ అని మోసేసిన సినిమాలు మార్చికి జారిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. 2016 సినిమాల పోటీలో 14 నామినేషన్లతో వచ్చిన ‘లా లా ల్యాండ్’ని కాదని ‘మూన్‌లైట్’ గెలిచినప్పుడూ ఈ వాదనే వినిపించింది.

మరి వసంతంలో వచ్చినవాటి సంగతి?

శరదృతువు సినిమాలే గెలుస్తాయన్నది పాతబడుతున్న మాట. ‘గ్లాడియేటర్’ మే సినిమా, ‘ఓపెన్‌హైమర్’ జూలై సినిమా. ‘పారసైట్’, ‘అనోరా’ రెండూ మేలో కాన్స్‌లోనే గెలిచి వచ్చాయి, అయితే అమెరికాలో విడుదల మాత్రం అక్టోబర్‌లోనే పెట్టుకున్నాయి. అన్నిటికన్నా నాకు సరదాగా అనిపించేది ఇంకోటి. ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ అమెరికాలో కొద్ది థియేటర్లలో మొదలైంది 2022 మార్చి 25న, ‘ఆర్‌ఆర్‌ఆర్’ వచ్చిన ఆ శుక్రవారమే. ఏడాది తర్వాత అదే ఆస్కార్ వేదిక మీద ఉత్తమ చిత్రంతో సహా ఏడు గెలిచింది. రెండూ ఏప్రిల్‌కే మరుగున పడాల్సినవి. చూసినవాళ్లు ఇంకొకళ్లకి చెప్పుకుంటూ పోవడంతో శరదృతువు దాకా బతికి, అప్పుడు ప్రచారం అందుకున్నాయి.

మనకి దగ్గర్లో ఇంకో మలుపు ఉంది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి కొత్త ఆస్కార్ ఇస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ సంగతి ప్రకటిస్తూ అకాడమీ పెట్టిన బొమ్మల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ పులి సీన్ ఉంది. రాజమౌళి ‘వారణాసి’ని ప్రకటించింది 2027 వేసవికి. డల్లాస్‌లో ఏడు రోజులు ఆడటం దానికో లెక్క కాదు. వేసవిలో వచ్చిన సినిమాని సెప్టెంబర్ నుంచి జనవరి దాకా స్టంట్ మాస్టర్ల కళ్లముందు ఎవరు నిలబెడతారు, ఎలా అన్నదే చూడాలి.